తీగవాద్యాల నడుమ పాత సింథసైజర్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలి?

కృష్ణానగర్ అరేంజర్

అందరికీ నమస్కారం. ఒక చిన్న చిత్రానికి నేపథ్య సంగీతం సమకూర్చే పనిలో ఉన్నాను. కథ 1987లో వరంగల్ దగ్గరి ఒక పల్లెలో మొదలై హైదరాబాదులో ముగుస్తుంది. మొదటి రోజు కూర్చున్నప్పుడే దర్శకుడు రెండు సంగతులు గట్టిగా చెప్పారు. సంగీతం తెర నిండా పరుచుకోవాలి కనుక తీగవాద్యాలు కంప్యూటర్‌లోవి కాకుండా మనుషులు వాయించినవే కావాలన్నది మొదటిది. ఆనాటి సింథసైజర్ నాదం కూడా అందులో వినిపించాలన్నది రెండవది. నిర్మాత ఇచ్చిన సొమ్ములో పద్నాలుగు మంది వాద్యకారులతో ఒక్క కాల్‌షీటు మాత్రమే సాధ్యపడింది. ఎనిమిది వయొలిన్లు, మూడు వయోలాలు, రెండు చెల్లోలు, ఒక డబుల్ బేస్. వయోలా, చెల్లో వాయించేవారిలో కొందరు చెన్నై నుంచి పొద్దుటి రైలుకు దిగి, రాత్రి రైలుకు వెళ్ళిపోయారు. కనుక ఆ రికార్డింగు మళ్ళీ చేయించే ప్రసక్తి లేదు.

సింథసైజర్ సంగతికొస్తే, మా మేనమామ ఆ రోజుల్లో దుబాయి నుంచి తెచ్చుకున్న రోలాండ్ జూనో-106 మా ఇంట్లోనే ఉంది. ఆయన సికింద్రాబాదులో పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు పాడే ‘ఆర్కెస్ట్రా’ నడిపేవారు. (మన దగ్గర ఆ మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థం అదే కదా.) ఇరవై ఏళ్ళుగా అటక మీద దుప్పటి కప్పుకుని ఉన్నా, స్విచ్ వేయగానే పలికింది. నడుమ నడుమ ‘చిటపట’ మని ఒక శబ్దం మాత్రం వస్తోంది.

నా ఇబ్బంది ఇది. కథలో కొడుకు తల్లి రాసిన ఉత్తరం చదువుకునే సన్నివేశం ఒకటి ఉంది. డి మేజర్‌లో, చాలా నెమ్మదిగా సాగే తీగవాద్యాల కింద జూనోతో అవే కార్డులను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను) ప్యాడ్‌గా, అంటే వెనకాల నిలిచి ఉండే నాదంగా, పరిచాను. డెమో దశలో, అంటే కంప్యూటర్‌లోని శాంపిల్ తీగవాద్యాలతో విన్నప్పుడు, అది దర్శకుడి కళ్ళు చెమర్చేంత బాగా వచ్చింది. మనుషులు వాయించిన ట్రాకులు తెచ్చి అదే ప్యాడ్ మీద పెట్టగానే మొత్తం మసకబారింది. అంత బాగా వాయించిన వాద్యకారులు శ్రుతి తప్పినట్టు వినిపిస్తున్నారు. ప్యాడ్ తీసేస్తే వాళ్ళు శుభ్రంగా ఉన్నారు. వాళ్ళను తీసేస్తే ప్యాడ్ శుభ్రంగా ఉంది.

యంత్రం పాతదై శ్రుతి జారుతోందా, లేక నేను రాసిన పద్ధతిలోనే తప్పుందా? ఈ పాత పెట్టెను పక్కన పెట్టి దాని సాఫ్ట్‌వేర్ నకలు వాడితే సమస్య తీరుతుందా? ఆర్కెస్ట్రాతో సింథసైజర్‌ను కలిపి మెప్పించిన పెద్దవాళ్ళు ఈ చిక్కును ఎలా దాటారో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

పాత కీబోర్డు, యూసుఫ్‌గూడ

బాబూ, తెలుగు సినిమాల రికార్డింగులు ఇంకా మద్రాసులోనే ఎక్కువగా జరిగే రోజుల్లో నేను అక్కడ కీబోర్డు వాయించాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను, కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

మీరు చేసిన పొరపాటు ఒకే మాటలో చెప్పాలంటే, తీగవాద్యాలు వాయిస్తున్న దాన్నే సింథసైజర్ చేత కూడా వాయించారు. నలుగురు వయొలిన్ వాద్యకారులు మాత్రమే దొరికిన చోట నలభై మంది ఉన్నట్టు భ్రమ కలిగించడానికి కీబోర్డును కింద పరిచే అలవాటు మన దగ్గర చాలాకాలం నడిచింది. అది డబ్బు లేక చేసిన సర్దుబాటే తప్ప సంగీత రచన కాదు. మీ దగ్గర పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళకు ఊతకర్ర అక్కర్లేదు.

సినిమా సంగీతంలో ఎలక్ట్రానిక్ వాద్యం నిలబడిన ప్రతి సందర్భంలోనూ అది ఆర్కెస్ట్రాలో లేని గొంతుగానే నిలబడింది. 1945లో ‘స్పెల్‌బౌండ్’ చిత్రానికి మిక్లోష్ రోజా థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం వాడినప్పుడు దాని చేత వయొలిన్ల పని చేయించలేదు. కథానాయకుడి మనసులోని కలతకు దాన్ని గొంతుగా ఇచ్చారు. అంత దూరం పోనక్కర్లేదు, 1954 నాటి ‘నాగిన్’ తలచుకోండి. దేశమంతా నాగస్వరం అనుకుని ఊగిపోయిన ఆ బూర నాదం నిజానికి కళ్యాణ్‌జీ క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద పలికించినది. ఆ నాదాన్ని వయొలిన్లతో డబుల్ చేసి ఉంటే ఈరోజు ఎవరికి గుర్తుండేది? 1969లో జేమ్స్ బాండ్ చిత్రం ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ ప్రధాన సంగీతంలో జాన్ బారీ బ్రాస్ వాద్యాలకు మూగ్ సింథసైజర్‌ను జతచేసినప్పుడు కూడా అంతే. ఆ గరగరలాడే నాదం ఏ ట్రాంబోనూ ఇవ్వలేనిది.

ఈ విషయంలో నాకు గురువు వంటివారు హాలీవుడ్ సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్. ఆయన సింథసైజర్లను ఆర్కెస్ట్రాలో మరొక విభాగంగా లెక్కించేవారు. తీగవాద్యాలు, ఊదే వాద్యాలు, తాళవాద్యాలు ఎలాగో కీబోర్డులు కూడా అలాగే. వాటికి వేరే పార్టు రాసి, వాద్యకారులను తక్కినవారితో పాటే హాలులో కూర్చోబెట్టి, కండక్టర్ చేతి కదలికకు అందరూ కలిసి వాయించేలా చూసేవారు. 1976 నాటి ‘లోగన్స్ రన్’ వినండి. గుమ్మటం కింద మూసి ఉన్న నగరంలో సన్నివేశాలు సాగినంతసేపూ ఎలక్ట్రానిక్ నాదాలు ముందుంటాయి. పాత్రలు బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టి మొదటిసారి సూర్యుణ్ణి చూసేసరికి ఆర్కెస్ట్రా పూర్తిగా విచ్చుకుంటుంది. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే తేల్చుకున్నారు కాబట్టి ఒకరి మాటకు ఒకరు అడ్డు రాలేదు. 1982లో ‘ట్రాన్’ చిత్రానికి వెండీ కార్లోస్ తన సింథసైజర్లను లండన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిపినప్పుడు కూడా రెండింటి మధ్య సరిహద్దు చెవికి తెలుస్తూనే ఉంటుంది.

మీ కథలో ఆ సరిహద్దు సిద్ధంగానే ఉంది కదా! పల్లెలో జరిగేదంతా తీగవాద్యాలకు వదిలేసి, అబ్బాయి బస్సు దిగే దాకా జూనోను మాట్లాడనివ్వకండి. 1987 అన్నారు కనుక అతను దిగేది గౌలిగూడ బస్టాండులో. అప్పటికి ఇమ్లీబన్ ఇంకా కట్టలేదు. ఆ రేకుల కప్పు కింద, జనం మధ్య అతను బిత్తరపోయి నిలబడినప్పుడు మీ పెట్టె మొదటి స్వరం పలికితే ప్రేక్షకుడికి అది నగరమే అని తెలుస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. 1987 కథ కాబట్టి 1987 సింథసైజర్ ఉండాలన్న దర్శకుడి తర్కం నాకు రుచించలేదు. 1924 ఒలింపిక్స్ కథ ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’కు వాంగెలిస్ 1981లో సింథసైజర్లతోనే సంగీతం కూర్చి ఆస్కార్ అందుకున్నారు. కరెంటు కూడా ముట్టని ఆమిష్ రైతుల కథ ‘విట్‌నెస్’కు 1985లో మోరిస్ జార్ ఎలక్ట్రానిక్ వాద్యాలనే వాడారు. యంత్రం తయారైన సంవత్సరానికీ కథ జరిగే సంవత్సరానికీ చుట్టరికం ఏమీ లేదు. మీ జూనోను వాడండి, కాని అది క్యాలెండరు పని చేస్తుందని వాడకండి.

చివరిగా, యంత్రానికి ఊపిరి ఎలా పోయాలన్నది. వాంగెలిస్ ప్రాణంగా చూసుకున్న యమహా సీఎస్-80 దాదాపు వంద కిలోల బరువుండేది. మోసుకెళ్ళడానికి మనుషులు కావాలి. అయినా దాన్ని వదలలేదంటే కారణం ఉంది: నొక్కి పట్టిన ఒక్కొక్క మెట్టు మీద వేలి ఒత్తిడిని పెంచితే ఆ ఒక్క స్వరమే ఉబ్బుతుంది, తక్కినవి అలాగే ఉంటాయి. కమానుతో ఒక స్వరాన్ని లాగుతూ పెంచినట్టే. మీ జూనో మెట్లు ఎంత గట్టిగా కొట్టినా ఎంత మెల్లగా తాకినా ఒకే మోత మోగుతాయి. కనుక కుడిచేత్తో స్వరం పట్టి, ఎడమచేతి రెండు వేళ్ళను ఫిల్టర్ స్లైడరు (నాదాన్ని మసకగానో ప్రకాశంగానో మార్చే జారుడు మీట) మీద ఉంచండి. చెల్లో వాద్యకారుడి కమాను ఎటు కదులుతోందో చూస్తున్నట్టు ఊహించుకుంటూ దాన్ని తెరవండి, మూయండి. కంప్యూటర్‌లో గీత గీసి ఆ పని చేయించకండి. ఆ గీతకు తడబాటు తెలియదు.

రెండో వరుస వయొలిన్, చిక్కడపల్లి

పెద్దాయన చెప్పింది నిజమే గాని, డెమోలో బాగున్నది అసలు వాయిద్యాలతో ఎందుకు చెడిందన్న ప్రశ్నకు సమాధానం వేరే ఉంది. నేను కర్ణాటక పద్ధతిలో నేర్చుకుని, తర్వాత స్టూడియోల్లో నొటేషన్ చూసి వాయించడం అలవాటు చేసుకున్న మనిషిని. మా వైపు నుంచి చెబుతాను.

సింథసైజర్‌లో ఒక స్థాయిని (స నుంచి పై స దాకా) పన్నెండు సమాన భాగాలు చేస్తారు. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు; అర్ధస్వరానికి 100 సెంట్ల చొప్పున షడ్జం (స) నుంచి అంతర గాంధారం (గ) 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబూరా దగ్గర కూర్చుని చెవితో నిలబెట్టే గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటుంది. అది 386 సెంట్లు. పద్నాలుగు సెంట్ల తేడా. వేగంగా వాయించేటప్పుడు ఎవరికీ పట్టదు. నెమ్మదిగా సాగే కార్డులో, అందులోనూ ఉత్తరం చదివే సన్నివేశం లాంటి చోట, వాద్యకారులు ఒకరి నాదం ఒకరు వింటూ తమకు తెలియకుండానే ఆ గాంధారాన్ని కిందికి దించి శుద్ధంగా నిలబెడతారు. అప్పుడు కార్డు విచ్చుకుంటుంది. మా వృత్తిలో ఉన్న సుఖం అదే.

మీరు ఎత్తుకున్నది డి మేజర్ కనుక లెక్క వేసి చూడండి. అందులో షడ్జం డి, గాంధారం ఎఫ్ షార్ప్. కీబోర్డు మీద ఎఫ్ షార్ప్ దాదాపు 370 హెర్ట్జ్. డి స్వరం 293.66 మీద చెవికి హాయిగా నిలిచే ఎఫ్ షార్ప్ దాదాపు 367 హెర్ట్జ్. రెండూ కలిసి మోగితే సెకనుకు సుమారు మూడు విస్పందనాలు (మోత పెరిగి తగ్గే ఊపులు) పుడతాయి. మీరు ‘మసక’ అన్నది దాన్నే. డెమోలోని శాంపిల్ తీగవాద్యాలు కూడా కీబోర్డు కొలతల మీదే పలుకుతాయి కాబట్టి రెండూ ఒకే చోట తప్పాయి, కలిసిపోయాయి. మనుషులు వచ్చేసరికి గుట్టు బయటపడింది.

మందు చాలా తేలిక. మీ ప్యాడ్‌లోంచి గాంధారాన్ని తీసేయండి. షడ్జ పంచమాలు మాత్రం ఉంచండి. పంచమంలో కీబోర్డుకూ చెవికీ తేడా రెండు సెంట్లే, దాన్ని ఎవరూ పట్టుకోలేరు. మన తంబూరా చేసేదీ ఇంతే కదా. మీటేది షడ్జ పంచమాలనే, అయినా షడ్జపు తీగలోంచి గాంధారం తనంతట తానే వినిపిస్తుంది. మీరు దాన్ని విడిగా మీటబోవడం వల్లే గొడవ వచ్చింది.

మరోసారి కాల్‌షీటు దొరికితే, మాకు హెడ్‌ఫోనులో క్లిక్ (లయ చూపే టిక్ టిక్ శబ్దం) ఒక్కటే ఇవ్వకుండా ఆ షడ్జ పంచమాల ప్యాడ్‌ను కూడా సన్నగా వినిపించండి. శ్రుతి చేసుకునే ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ మీద ఉందా 442 మీద ఉందా అన్న చర్చ కూడా తప్పుతుంది. ఆ రెండు హెర్ట్జ్‌ల తేడా దాదాపు ఎనిమిది సెంట్లని చాలామంది అరేంజర్లు మరచిపోతారు.

సోల్డరింగ్ బల్ల, కోఠి

గుజరాతీ గల్లీ దగ్గర పాత కీబోర్డులు బాగు చేసుకుని బతికే మనిషిని. ప్రశ్నలో ‘యంత్రం శ్రుతి జారుతోందా’ అన్నారు కనుక ఆ ముక్క తేల్చేస్తాను. జూనో-106 శ్రుతి జారదు.

జారేవి దానికన్నా ముందు తరం యంత్రాలు. 1970లో వచ్చిన మినీమూగ్ వంటి వాటిలో స్వరాన్ని ఓల్టేజి నిర్ణయిస్తుంది. ఒక ఓల్టు పెరిగితే ఒక స్థాయి పైకి వెళ్తుంది. అంటే ఒక అర్ధస్వరానికి దాదాపు 83 మిల్లీఓల్టులు, ఒక సెంటుకు మిల్లీఓల్టు కూడా లేదు. ఆ ఓల్టేజిని స్వరంగా మార్చే ట్రాన్సిస్టరు జతకు వేడి అంటే పడదు. గది వేడి ఒక్క డిగ్రీ మారితే దాని కొలత మూడింట ఒక శాతం మారుతుంది. వినడానికి ఇది చిన్నదే గాని, శ్రుతి చేసుకున్న స్వరానికి మూడు స్థాయిల దూరంలో అది పన్నెండు సెంట్లవుతుంది. అందుకే ఆ యంత్రాల్లో వేడితో పాటు విలువ మారే ప్రత్యేకమైన రెసిస్టరు ఒకటి పెట్టి, ఆ మార్పును ఎదురు మార్పుతో కొట్టేయిస్తారు. అది ట్రాన్సిస్టరుకు ఆనుకుని ఉండాలి. ఎవరో బాగుచేసిన ఒక పెట్టె నా దగ్గరికి వచ్చింది, తెరిచి చూస్తే ఆ రెసిస్టరు స్థానంలో మామూలు రెసిస్టరు అతికించి ఉంది. పాపం దాని యజమాని రెండేళ్ళుగా తన చెవులను అనుమానించుకున్నారు.

అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ స్టూడియో నెలకొల్పారు. అక్కడి ఎండల్లో దాన్ని శ్రుతిలో నిలబెట్టడానికి ఎన్ని తిప్పలు పడి ఉంటారోనని నాకు తరచు అనిపిస్తుంది.

1984 నాటి మీ జూనోలో స్వరాన్ని డిజిటల్ గడియారం నుంచి తీస్తారు. మే నెలలో అటక మీద పెట్టి వాయించినా కదలదు. మీకు ఊగినట్టు వినిపించేది దాని కోరస్. ఆ సర్క్యూటు అసలు నాదానికి కాస్త ఆలస్యమైన నకలును కలిపి, ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అలా చేయడంతో నకలు శ్రుతి ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. ఒంటరిగా వాయించినప్పుడు అది జూనోకు అలంకారం. పద్నాలుగు మంది మనుషులే ఒక సహజమైన కోరస్ అయినప్పుడు దాని మీద ఇంకొకటి ఎందుకు? కోరస్ మీటలు రెండూ ఆపి వినండి.

ఇక ‘చిటపట’. అందులో ఆరు గొంతులకు (ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతాయి, స్వరానికో గొంతు) ఆరు నల్లటి చిప్పులుంటాయి, 80017ఏ అని పేరు. ఒక్కో గొంతు ఫిల్టరూ మోతా దాని చేతుల్లో ఉంటాయి. వాటికి పూసిన జిగురు లాంటి పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడి, కరెంటును పక్కదారి పట్టిస్తుంది. ఏ గొంతు చెడిందో తెలుసుకోవడానికి పాలీ-1 మీట నొక్కి, ఒకే మెట్టును ఆరేడుసార్లు విడిగా కొట్టండి. ఆ పద్ధతిలో గొంతులు వరుసగా తిరుగుతాయి కనుక చప్పుడు ప్రతి ఆరుసార్లకు ఒకసారి వస్తే చెడింది ఒకటే. పాలీ-2లో మాత్రం ఖాళీగా ఉన్న మొదటి గొంతునే యంత్రం తీసుకుంటుంది. చెడినది చివరి గొంతయితే, తక్కువ స్వరాలు వాయించినంతకాలం దాని వంతు రాదు. కాకపోతే ఒకే స్వరాన్ని వెంటవెంటనే కొడితే ముందరి స్వరం తోక తెగుతుంది, అది చూసుకోండి. తీరిక దొరికినప్పుడు చిప్పును ఎసిటోనులో నానబెట్టి పూత వదిలిస్తే చాలావరకు తిరిగి పలుకుతుంది.

దుబాయి నుంచి వచ్చిందన్నారు కనుక అక్కడి కరెంటుకూ మన కరెంటుకూ పెద్ద తేడా ఉండదు గాని, వెనకాల పట్టీ మీద ఓల్టేజి ఎంత రాశారో ఒకసారి చదవండి. జపాన్ నుంచి నేరుగా తెచ్చిన 100 ఓల్టుల యంత్రాన్ని గోడ ప్లగ్గులో పెట్టి పొగ చూసినవాళ్ళు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు నా బల్ల దగ్గరికి వస్తూనే ఉంటారు. లోపల మెమరీని కాపాడే బ్యాటరీ కూడా మార్పించండి. మార్చేముందు టేపు అవుట్ ద్వారా ప్యాచ్‌లను (మెమరీలో ఉంచుకున్న నాదాల అమరికలను) దాచుకోకపోతే మీ మేనమామగారు ముప్పై ఏళ్ళ కిందట కట్టుకున్న నాదాలన్నీ పోతాయి.

ఫేడర్, మణికొండ

మిక్సింగ్ చేసేవాడిగా నాది కొంచెం భిన్నాభిప్రాయం. నిజమైన జూనోనా, సాఫ్ట్‌వేర్ జూనోనా అన్నది థియేటర్‌లో కూర్చున్న మనిషికి తెలియదు. తెలుస్తుందని వాదించేవారికి కళ్ళకు గంతలు కట్టి వినిపించాను; ఎక్కువమంది తడబడ్డారు. సాఫ్ట్‌వేర్‌కు చిటపటలు లేవు, బ్యాటరీ లేదు, దర్శకుడు మరుసటి నెలలో వచ్చి ‘అదే శబ్దం మళ్ళీ కావాలి’ అంటే ఒక్క క్షణంలో ఇస్తుంది. చిన్న చిత్రానికి ఇది తక్కువ సౌకర్యం కాదు.

ఏది వాడినా తెలుసుకోవలసింది మరొకటుంది. మీ తీగవాద్యాలు ఒక గదిలో కూర్చున్నాయి. మైకు వాటికి దూరంగా, ఎత్తులో ఉంది. జూనో మాత్రం తీగ గుండా నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చింది. ధ్వని పది మీటర్లు నడవడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే గదిలోని చివరి వయొలిన్ నాదం మైకును చేరేలోపే మీ జూనో శ్రోత చెవి పక్కకు వచ్చి నిలబడుతోంది. ఆర్కెస్ట్రా గదిలో, సింథసైజర్ మీ ఒళ్ళో ఉన్నట్టుంటుంది. జూనో ట్రాకును ఇరవై, ముప్పై మిల్లీసెకన్లు వెనక్కి జరిపి, తీగవాద్యాలకు ఉన్న గది ప్రతిధ్వనినే దానికీ పూయండి. ఇంకా మంచి దారి ఏమిటంటే, అదే హాలు ఒక గంట దొరికితే వాద్యకారులు కూర్చున్న కుర్చీల మధ్య ఒక స్పీకరు పెట్టి, జూనోను అందులో మోగించి, దూరపు మైకుతో మళ్ళీ రికార్డు చేయడం. గాలిలోంచి వచ్చిన నాదం తక్కినవాటితో తనంతట తానే సర్దుకుంటుంది.

రెండోది, 200 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ప్యాడ్‌ను కొంచెం తగ్గించండి. చెల్లోలు, వయోలాల పొట్ట అక్కడే ఉంటుంది. ఉత్తరం సన్నివేశంలో తల్లి గొంతు వినిపిస్తుందనుకుంటే, ఆ మాటలకూ ప్యాడ్‌కూ అక్కడే కుస్తీ పడుతుంది. ఫైనల్ మిక్స్‌లో ఓడిపోయేది ఎప్పుడూ సంగీతమే.

పాత కీబోర్డు, యూసుఫ్‌గూడ

ఫేడర్‌గారూ, కళ్ళకు గంతలు కట్టాల్సింది వినేవాళ్ళకు కాదు, వాయించేవాళ్ళకు. సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నవాడు మౌస్ పట్టుకుంటాడు, స్లైడరు ముందు కూర్చున్నవాడు స్వరాన్ని పట్టుకుంటాడు. నాదం ఒకటే అయినా చేయి చేసే పని వేరు. మీ సాఫ్ట్‌వేర్‌ను కూడా చేతికందే స్లైడర్లకు కలిపి వాయిస్తే నాకు అభ్యంతరం లేదు.

కోఠి మిత్రుడు వేడి గురించి రాసింది చదివి నాకు ఒక మే నెల గుర్తుకొచ్చింది. అద్దెకు తెచ్చిన మినీమూగ్ నా ముందుంది. టేక్ నడుస్తున్నంతసేపు చప్పుడు పడకూడదని ఏసీ ఆపేవారు. మూడో టేకుకు చొక్కాలు తడిశాయి. ముందు వరుసలోని పెద్ద వయొలిన్ విద్వాంసుడు కమాను దించి, వెనక్కి తిరిగి, అందరూ వినేలా ‘తమ్ముడూ, నీ పెట్టెకు జ్వరం వచ్చింది, చూసుకో’ అన్నారు. నేను ట్యూనింగు నాబ్ మీద చేయి వేశాను గాని ఎటు తిప్పాలో తోచలేదు. ఆయన తన ‘ఏ’ (A) తీగను మెల్లగా లాగుతూ నేను కలిసేదాకా ఆపలేదు. అప్పటి నుంచి టేక్‌కు టేక్‌కు మధ్య నేను ముందు వినేది వయొలిన్లనే.

కృష్ణానగర్ అరేంజర్

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులు కూర్చుని చేసిన పని చెబుతాను.

ముందుగా గాంధారం తీసేశాను. నమ్మశక్యం కాలేదు, వేరే ఏదీ మార్చకుండానే మసక సగానికి పైగా విడిపోయింది. కోరస్ ఆపేసరికి మిగిలినదీ పోయింది. అయితే కోరస్ లేని జూనో అంత పేలవంగా ఉంటుందని నాకు తెలియదు. యూసుఫ్‌గూడ పెద్దాయన చెప్పినట్టు ఫిల్టర్ స్లైడరు మీద వేళ్ళు పెట్టి, చెల్లో ట్రాకు ఒక్కటే వింటూ పదకొండుసార్లు వాయించాను. తొమ్మిదోది వాడాను. అందులో ఒకచోట చెల్లో కంటే నేను కాస్త ఆలస్యంగా తెరిచాను, అది అలాగే ఉంచేశాను.

వేగంగా సాగే చోట్ల, బస్సు వెంట పరుగు లాంటివాటిలో, నిండు కార్డులు ఉంచినా ఇబ్బంది కనిపించలేదు. వాటిని కదిలించలేదు. స్పీకరును హాలులో పెట్టి రికార్డు చేసే వీలు దొరకలేదు, కనుక ట్రాకును ఇరవై అయిదు మిల్లీసెకన్లు జరిపి సరిపెట్టుకున్నాను.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, ఉత్తరం సన్నివేశం విన్న దర్శకుడు ‘చాలా బాగుంది, కాని నా సింథసైజర్ ఏదీ?’ అన్నారు. పల్లె సన్నివేశాల్లోంచి దాన్ని పూర్తిగా తీసేసి, గౌలిగూడ బస్టాండులో ఒంటరిగా, కోరస్ రెండో మీటతో సహా, తీగవాద్యాలు ఒక్కటి కూడా లేకుండా నలభై సెకన్లు వదిలి చూపించాను. దానికి ఒప్పుకున్నారు. ఉత్తరం సన్నివేశం నుంచి కూడా తీసేద్దామా అంటే వద్దన్నారు. అది వినపడకపోయినా లేకపోతే తెలుస్తోందట.

చెడిన గొంతు ఆరోదేనని తేలింది. పాలీ-2లో పెట్టి షడ్జ పంచమాలు రెండే వాయిస్తున్నాను కనుక దాని వంతు ఇంకా రాలేదు. బస్టాండు దగ్గర అయిదు స్వరాల కార్డు ఒకటి ఉంది, దాన్నీ దాటాను. సినిమా పూర్తయ్యాక యంత్రాన్ని కోఠికి తీసుకొస్తాను. ప్యాచ్‌లన్నీ టేపు అవుట్ నుంచి కంప్యూటర్‌లోకి దాచాను. వాటిలో ఇరవై ఏడోది వాయిస్తే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, అది తన పెళ్ళిలో మామయ్య వాయించిన నాదమంది.